బుల్లెట్ గేర్ బాక్స్: విప్పే ముందు, విప్పాక

చిరంజీవి అల్లుడికి,
మావయ్య ఆశీస్సులు.

నీ పాత క్యాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 రెండో గేరులోంచి న్యూట్రల్‌కి జారిపోతోందని, ఆటోనగర్లో గేర్ల సెట్టు మొత్తం మార్చమంటున్నారని రాశావు. తొందరపడకు. ఆ నాలుగు గేర్ల ఆల్బియన్ (ఆ కంపెనీ డిజైను) బాక్సులో ఒక ముక్క అరిగిందంటే, దాన్ని అరగదీసింది పక్కనే ఇంకోటి ఉంటుంది. దాన్ని పట్టుకోకుండా కొత్త గేర్లు వేస్తే అవీ అలాగే పోతాయి.

విప్పకుండానే రెండు చూడు. క్లచ్ కేబులు మరీ వదులైతే క్లచ్ పూర్తిగా విడవదు, గేరు సగమే పడుతుంది. లివరు దగ్గర 2–3 మి.మీ. ఆట (ఖాళీ కదలిక) చాలు. తర్వాత గేరు పెడలు కదలికని సర్దే ఫుట్ కంట్రోల్ ప్లేటు. దాన్ని పట్టుకున్న రెండు నట్లూ కొద్దిగా వదిలి, పెడలు పైకీ కిందకీ సమానంగా కదిలే చోట బిగించు. ప్లేటు ఒక పక్కకి జరిగి ఉంటే డాగ్‌లు, అంటే గేర్లని ఒకదానికొకటి పట్టించే పక్క పళ్లు, అంచుల మీదే పట్టుకుంటాయి. చాలా బళ్లకి ఈ రెండింటితోనే రోగం కుదురుతుంది.

కుదరకపోతే గేర్ బాక్సు ఆయిల్ తెల్లటి పళ్లెంలోకి దించు. వెండి రంగు మెత్తటి రజను మామూలే. పసుపు రజను కనిపిస్తే బుష్ (షాఫ్ట్ తిరిగే కంచు గొట్టం) అరుగుతోంది. గింజల్లాంటి ఇనుప ముక్కలుంటే పన్ను విరిగింది. పాలలా ఉంటే వాన నీరు దిగింది.

గేర్లు తియ్యడానికి బాక్సు మొత్తం బండి నుంచి దించక్కర్లేదు. ఎడమ పక్క ప్రైమరీ (ఇంజన్ నుంచి క్లచ్‌కి చైను ఉండే భాగం) విప్పి క్లచ్, చైను, ఇంజన్ స్ప్రాకెట్ కలిపి లాగాలి. అప్పుడే గేర్లుండే మెయిన్ షాఫ్ట్ కుడి పక్కకి వస్తుంది. క్లచ్ నట్టుకి ఉలీ సుత్తీ వద్దు, క్లచ్ లాగడానికి పుల్లర్ తెచ్చుకో. కుడి పక్క బయటి మూత, తర్వాత లోపలి మూత. వాషర్లు, షిమ్‌లు (పలచటి సర్దుబాటు రేకులు) ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో తీగకు గుచ్చి ఉంచు. మన విశాఖ సముద్రపు గాలికి తుడిచిన షాఫ్ట్ రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. ప్రతి ముక్కకీ ఆయిల్ రాసి కవర్లో చుట్టు.

ఇప్పుడు డాగ్‌లు చూడు. మూలలు పదునుగా ఉండాలి. సబ్బు బిళ్ల అంచులా గుండ్రబడితే లోడు పడగానే ఒకదాన్నొకటి తోసేసుకుంటాయి. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు జారితే లాగే ముఖం పోయింది, దిగుతూ థ్రాటిల్ మూసినప్పుడు జారితే వెనక ముఖం పోయింది. వెల్డింగు పెట్టి నింపుతామంటే ఒప్పుకోకు, ఆ వేడికి పైపొర గట్టిదనం పోతుంది. మార్చేది జతగానే మార్చు. కొత్త డాగ్‌ని పాత గుండ్రటి డాగ్ మళ్లీ తినేస్తుంది.

అసలు దొంగ ఎక్కువగా గేర్లని అటూ ఇటూ జరిపే ఫోర్కు, లేదా బుష్. ఫోర్కు వంగిందేమో అద్దం మీద పెట్టి చూడు, కొసలు పలచబడితే మార్చెయ్. బుష్ కొత్తది నొక్కి దించాక లోపలి రంధ్రం కొంచెం బిగుస్తుంది, కాబట్టి రంధ్రాన్ని చెక్కి సరిచేసే రీమర్ తప్పదు. లేత్ షాపుకి షాఫ్ట్ కూడా పట్టుకెళ్లు, కొలత దాని మీదే తీయించు. షాఫ్ట్ వేళ్లతో తిరగాలి, పక్కకి ఊగకూడదు. కిక్ జారే అలవాటు కూడా ఉంటే కిక్ పాల్ (కిక్‌ని పట్టించే కొక్కెం), దాని చిన్న స్ప్రింగు ఇప్పుడే మార్చు. బండి వెనక్కి తన్నే రకమైతే కిక్ షాఫ్ట్ చుట్టూ మూతలో చీలిక ఉందేమో వెతుకు.

బిగించేటప్పుడు లోపలి మూతకి ప్యాకింగ్ ఒకటే. లీకు భయంతో రెండు వేస్తే మూత బయటికి జరిగి షాఫ్ట్‌లకి అటూ ఇటూ ఆట పెరుగుతుంది; మళ్లీ అదే జారుడు. బయటి మూత వెయ్యకముందే షాఫ్ట్ చేత్తో తిప్పుతూ నాలుగు గేర్లూ వేసి చూడు. తిప్పకుండా నెడితే డాగ్‌లు ఎదురుబొదురుగా తగిలి గేరు పడదు, అది లోపం కాదు.

బాక్సులో పోసేది గేర్ ఆయిల్ ఈపీ 90, జీఎల్-4 రకం (డబ్బా మీద రాసి ఉంటుంది), లెవెల్ ప్లగ్ దాకా. జీఎల్-5లో ఒత్తిడి తట్టుకునే రసాయనం ఎక్కువ, అది కంచు బుష్‌కి మంచిది కాదు. చాసిస్ గ్రీజు కుక్కితే గేర్లు దాన్ని పక్కలకి విసిరేసి పొడిగా తిరుగుతాయి.

మొదట బీచ్ రోడ్డు మీద నెమ్మదిగా నడుపు, ఆ తర్వాతే సింహాచలం కొండ ఎక్కు. 500 కి.మీ.కి ఆయిల్ మార్చి, పళ్లెంలో రజను మళ్లీ చూడు. నడిపేటప్పుడు గేరు పెడలు మీద బూటు ఆనించి ఉంచకు, ఫోర్కు దానివల్ల కూడా అరుగుతుంది. నేరుగా న్యూట్రల్‌కి తెచ్చే న్యూట్రల్ మీట బండి ఆగాక, క్లచ్ పట్టుకునే నొక్కు. మొదటి గేరులోంచి అది పనిచెయ్యదు.

ఫోర్కు, డాగ్‌ల ఫొటోలు పంపు, ఏవి మార్చాలో చెబుతాను.

మావయ్య