ముందు ఫ్రేములకు కళ్లెం వేయండి

ప్రశ్న: నా లాప్‌టాప్‌లో 4 జీబీ ఆర్‌టీఎక్స్ 3050 గ్రాఫిక్స్ కార్డు, 8 జీబీ ర్యామ్ ఉన్నాయి. సైబర్‌పంక్ 2077 గేమ్ ఓ పది నిమిషాలు బ్రహ్మాండంగా ఆడుతుంది. ఆ తర్వాత ఆగి ఆగి కదులుతుంది. గ్రాఫిక్స్ 'లో'కి దించినా అంతే. కొత్తది కొనాల్సిందేనా?

జవాబు: అప్పుడే పర్సు తీయకండి. శక్తి చాలని మెషీన్ మొదటి నిమిషం నుంచే ఈడుస్తుంది. మీది కాసేపు పరుగెత్తి తర్వాత మొరాయిస్తోంది కాబట్టి నా మొదటి అనుమానం వేడి మీదే. ప్రాసెసర్ 95 డిగ్రీల దాకా వెళ్లిందంటే కాలిపోకుండా తన వేగం తానే తగ్గించుకుంటుంది.

మరి 'లో' పెట్టినా ఎందుకు తగ్గలేదంటారా? హద్దు పెట్టకపోతే, మిగిలిన శక్తితో గేమ్ ఇంకా ఎక్కువ ఫ్రేములు (తెర మీద వరుసగా మారే బొమ్మలు) గీస్తుంది. ప్రతి ఫ్రేముకీ ప్రాసెసర్ మళ్లీ లెక్కలు కట్టాలి. చల్లబడేది ఎప్పుడు? అందుకే నేనైతే ముందు వీడియో సెట్టింగ్స్‌లో గరిష్ఠ ఎఫ్‌పీఎస్‌కు, అంటే సెకనుకు గీసే ఫ్రేములకు, పరిమితి పెడతాను. 60 నిలకడగా రాకపోతే మొహమాటం లేకుండా 30. మీ స్క్రీన్ 120 హెర్ట్జ్ (సెకనుకు 120 సార్లు బొమ్మ మార్చేది) అయితే 40 ఇంకా బాగుంటుంది, సరిగ్గా మూడో వంతు కదా. కంటికి ఇబ్బంది తక్కువ ఫ్రేములతో కాదు, 70 నుంచి 30కి పడి మళ్లీ లేవడంతో.

తర్వాత విండోస్ పవర్ ఆప్షన్స్‌లో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' 99 శాతం చేయండి. చాలా లాప్‌టాప్‌లలో దీంతో టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆగి వేడి బాగా తగ్గుతుంది. గేమ్‌లో క్రౌడ్ డెన్సిటీ కూడా తగ్గించండి. వీధిలో జనం బరువంతా ప్రాసెసర్ మీదే. రే ట్రేసింగ్ (వెలుగునీడలను నిజంలా లెక్కకట్టే పద్ధతి) మాత్రం 4 జీబీ కార్డుతో మర్చిపోండి. బొమ్మను చిన్నగా గీసి పెద్దది చేసే డీఎల్‌ఎస్‌ఎస్‌ను 'బ్యాలెన్స్‌డ్'లో ఉంచండి. పరుపు మీద పెట్టి ఆడొద్దని వేరే చెప్పాలా!

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ ఉచితమే. అది ఉష్ణోగ్రత, క్లాక్ వేగం (గిగాహెర్ట్జ్‌లలో ప్రాసెసర్ వేగం), ర్యామ్ వాడకం తెర మూలన చూపిస్తుంది. గేమ్ నత్తనడక పట్టినప్పుడు గిగాహెర్ట్జ్ పడిపోయి ఉంటే వేడే. అది నిలకడగా ఉండి ర్యామ్ నిండిపోయి ఉంటే తప్పు 8 జీబీది. ఈ గేమ్ 2.0 అప్‌డేట్ నుంచి కనీసం 12 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అడుగుతోంది. అప్పుడు ఇంకో 8 జీబీ స్టిక్ వేయించండి. రెండు స్టిక్‌లు ఉంటే డ్యూయల్ చానెల్ (రెండు దారుల్లో ఒకేసారి డేటా నడిచే) లాభం కూడా దక్కుతుంది. కొనేముందు ఖాళీ స్లాట్ ఉందో లేదో చూసుకోండి. పల్చటి మోడళ్లు కొన్నింటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది.