రెండు సోడియం దీపాలు పక్కపక్కన పెడితే వ్యతికరణ పట్టీలు ఎందుకు రావు?

రెండు సోడియం దీపాలూ ఒకే పసుపు కాంతినిస్తాయి, అయినా తెర మీద వ్యతికరణ పట్టీలు (రెండు కాంతి తరంగాలు కలిసినప్పుడు వచ్చే వెలుగు, చీకటి గీతలు) ఎందుకు కనబడవు, స్థిరంగా కనబడాలంటే ఏ షరతులు కావాలి అని అడిగారు. డిగ్రీ ల్యాబ్‌లో ఏటా పిల్లల చేత బైప్రిజం (ఒకే కాంతిని రెండుగా చీల్చే పలుచని పట్టకం) ప్రయోగం చేయిస్తుంటాను. వైవాలో నేను ముందు అడిగేది ఇదే.

గైడ్లలో ఐదారు షరతులు వరసగా ఉంటాయి, అన్నీ ఒకే స్థాయివి అన్నట్టు. కావు. పట్టీలు నిలబడడానికి కావలసింది ఒక్కటే: రెండు జనకాల (కాంతినిచ్చే మూలాల) మధ్య దశాభేదం, అంటే ఒకదాని తరంగం రెండోదానికంటే ఎంత ముందు వెనకలుగా ఉందన్న తేడా, మారకూడదు. సంబద్ధ జనకాలంటే అవే. పౌనఃపున్యం ఒకటే ఉండాలన్నదీ ఇందులోకే వస్తుంది. అవి వేరైతే దశాభేదం క్షణక్షణం మారిపోతుంది కదా. మిగతా షరతులన్నీ పట్టీలు కంటికి స్పష్టంగా కనబడడానికి.

దీపంలో కోటానుకోట్ల పరమాణువులు, దేని దారి దానిదే. ఒక్కో పరమాణువు వెలువరించే తరంగం సెకనులో దాదాపు పది కోట్లవ వంతు సేపే ఉంటుంది. తర్వాత వచ్చేదాని దశకు దీనితో సంబంధం లేదు. రెండో దీపానిదీ అదే తంతు. అందుకే పట్టీలు ఏర్పడినా కంటికి అందేలోపే చోటు మారిపోయి, మనకు సగటు వెలుగే మిగులుతుంది. ఒకే కాంతిని రెండుగా చీలిస్తే, దశ ఎప్పుడు మారినా రెండింటిలోనూ ఒకేలా మారుతుంది, తేడా అలాగే ఉంటుంది. యంగ్ చీలికలు (పక్కపక్కన ఉండే రెండు సన్నని సందులు), ఫ్రెనెల్ బైప్రిజం చేసేది ఈ పనే.

ల్యాబ్‌లో చూడండి. దీపం మొదట ఎర్రగా వెలిగి, కొన్ని నిమిషాలకు గానీ పసుపుకి రాదు. దీపానికి ఎదురుగా ఉండే చీలిక వెడల్పుగా ఉంటే ఐపీస్‌లో పసుపు మసక తప్ప ఏమీ ఉండదు. ఎందుకంటే చీలికలో ప్రతి భాగమూ తన పట్టీలు తాను వేస్తుంది, అవి ఒకదాని మీద ఒకటి పడి చెరిగిపోతాయి. చీలిక సన్నం చేసి, అది బైప్రిజం అంచుకి సమాంతరమయ్యేదాకా స్క్రూ మెల్లగా తిప్పితే, ఉన్నట్టుండి గీతలు తేలుతాయి. పిల్లలకి టెన్షన్ తగ్గేది అప్పుడే.

జనకాలు దగ్గరగా ఉండాలన్నది లెక్కలోనే తెలుస్తుంది. పట్టీ వెడల్పు = తరంగదైర్ఘ్యం × తెర దూరం ÷ జనకాల మధ్య దూరం. 589 నానోమీటర్ల కాంతి, 1 మీటరు దూరం, జనకాల మధ్య 0.5 మిల్లీమీటర్లు అయితే పట్టీ సుమారు 1.2 మిల్లీమీటర్లు. జనకాల మధ్య 5 సెంటీమీటర్లు ఉంటే 0.012 మిల్లీమీటర్లు, ఇక కంటికేం ఆనుతుంది?

రెండు తరంగాల కంపన పరిమితులు (తరంగం ఎంత ఎత్తుకు ఊగుతుందన్న కొలతలు) సమానం కాకపోయినా పట్టీలు పోవు. 3:1 నిష్పత్తిలో ఉంటే వెలుగు పట్టీ, నల్లపట్టీల తీవ్రతలు 16:4. నల్లపట్టీ పూర్తిగా నల్లబడదు, అంతే.

రెండు లేజర్లు పెడితేనో అని తెలివైనవాళ్లు అడుగుతారు. వేరువేరు లేజర్లతోనూ పట్టీలు రాబట్టవచ్చని 1963లో మాగ్యార్, మాండెల్ అనే భౌతిక శాస్త్రవేత్తలు చూపించారు. కాకపోతే అవి నిలకడగా ఉండే పట్టీలు కావు, చాలా తక్కువ వ్యవధిలో ఫొటోలో పట్టుకోవాల్సి వచ్చింది.