ట్రైలర్ బేరానికి వెళ్లేముందు

చిరంజీవి కిరణ్‌కి పెద్దమ్మ ఆశీస్సులు.

ట్రక్కు వెనక తగిలించుకుని లాక్కెళ్లే ట్రైలర్, అదే ఆ చక్రాల ఇల్లు, శనివారం చూడ్డానికి వెళ్తున్నామని రాశావు. చూసి రండి, సంతకం మాత్రం పెట్టకండి. నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని చాలామంది అనుకుంటారు. అమెరికాలో అలాంటి ఫెడరల్ నిబంధన ఒకటి ఉంది గానీ, షోరూమ్‌కి వెళ్లి కొన్న బండికి అది వర్తించదు. సంతకం పెట్టి, డబ్బు కట్టేశాక నీ చేతిలో ఏమీ మిగలదు. అందుకే బేరమంతా అంతకు ముందే జరగాలి.

ముందు నీ ట్రక్కు డ్రైవరు తలుపు తెరిచి, చట్రం మీదున్న స్టిక్కర్ చూడు. మనుషులూ సామానూ కలిపి ఎన్ని పౌండ్లు మించకూడదో అక్కడ ఉంటుంది. సేల్స్‌మ్యాన్ 'మీ ట్రక్కు 11,000 పౌండ్లు లాగుతుంది సార్' అంటాడు. అబద్ధం కాకపోవచ్చు, కానీ ముందుగా అడ్డం వచ్చేది ఆ లెక్క కాదు. సామానుతో 7,000 పౌండ్లు తూగే ట్రైలర్ తన బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద, అంటే ట్రక్కుకి దాన్ని తగిలించే కొక్కెం మీద మోపుతుంది. 13 శాతం వేసుకున్నా 910. మీ నలుగురూ 600, హిచ్ సామాను 100. మొత్తం 1,610. స్టిక్కర్ మీద 1,500 అని ఉంటే ఆ ట్రైలర్ నీకు పనికిరాదు, ఎంత చవగ్గా ఇచ్చినా సరే. లెక్క కట్టేటప్పుడు ఖాళీ ట్రైలర్ బరువు కాదు, నింపితే ఎంత వరకు ఉండొచ్చో ఆ గరిష్ఠ బరువు తీసుకో.

ఇక ధర. ట్రైలర్ల మీద రాసిన ఎమ్మెస్సార్పీకి (తయారీదారు సూచించే ధర), నిజంగా అమ్ముడయ్యే ధరకి చాలా దూరం ఉంటుంది. 20 నుంచి 30 శాతం తగ్గడం మామూలే. కాబట్టి '10,000 డాలర్ల తగ్గింపు' అని ఎర్రక్షరాలతో వేలాడదీసిన కాగితం చూసి మురిసిపోకు. కావలసిన మోడలూ, లోపలి అమరికా తేల్చుకున్నాక, 300 మైళ్ల లోపున్న నలుగురైదుగురు డీలర్లకి ఒకే ఈమెయిల్ పంపు. అడగవలసింది ఒక్కటే: పన్ను, టైటిల్ (యాజమాన్య పత్రం), ఫీజులు అన్నీ కలిపి బండి గేటు దాటడానికి మొత్తం ఎంత, పద్దుల వారీగా రాసివ్వమను. 'మీరొకసారి వస్తే మాట్లాడుకుందాం' అన్నవాణ్ణి పక్కన పెట్టు.

డీలరు ఆ బండ్లని అప్పు తెచ్చి నిలబెట్టుకుంటాడు. అవి అతని ఆవరణలో ఉన్నన్నాళ్లూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. వేసవి నాటికే వచ్చే ఏడాది మోడళ్లు దిగడం మొదలవుతుంది కాబట్టి, అక్టోబరు తర్వాత పాత మోడల్ మీద గట్టిగా అడగొచ్చు. ట్రైలర్ ఎడమ పక్క ముందు భాగంలో ఉండే స్టిక్కర్ మీద తయారైన నెల, సంవత్సరం చూడు. ఏడాది దాటితే 30 శాతం దగ్గరే మొదలుపెట్టు. 48,000 రాసి ఉంటే నీ మాట 33,600.

ఒప్పుకున్నాక ఫీజుల వంతు వస్తుంది: ఫ్రైట్ (రవాణా), ప్రెప్ (బండి సిద్ధం చేయడం), డాక్యుమెంట్లు. 'ఇవి అందరికీ ఉంటాయి, తీయలేం' అంటారు. తీయక్కర్లేదు, అంత మేరా ధరలో తగ్గించమను. బ్యాటరీ, ప్రొపేన్ సిలిండర్లు ధరలోనే ఉన్నాయో లేదో అడుగు. చివరి వంద డాలర్ల దగ్గర పంతానికి పోకుండా, బరువు పంచే హిచ్ బిగించి ఇమ్మను. డీలరుకి అది సులువు. మీ పాత పాప్-అప్ (మడత విప్పే చిన్న ట్రైలర్) మారకంగా ఇచ్చేసే మాట కొత్తదాని ధర ఖాయమయ్యాకే ఎత్తు. టెక్సస్‌లో పన్ను 6.25 శాతం, పాతదాని విలువ తీసేసి మిగతాదానికే వేస్తారు. కాబట్టి బయట అమ్మితే ఎంతొస్తుందో పోల్చేటప్పుడు ఆ పన్ను లాభం కూడా కలుపుకో.

'నెలకి ఎంత కట్టగలరు?' అనే ప్రశ్నకి జవాబే చెప్పకు. 40,000 అప్పు 8 శాతం వడ్డీకి 15 ఏళ్లైతే నెలకి 382, 20 ఏళ్లైతే 335. నలభై ఏడు డాలర్లు మిగిలినట్టే కనిపిస్తుంది. మొత్తం మీద మాత్రం దాదాపు 11,500 ఎక్కువ కడతావు. పైగా ఐదేళ్ల తర్వాత కూడా ఇంకా 35,000 బాకీ ఉంటుంది, అప్పటికి ట్రైలర్ అంత పలకదు. అమ్మాలన్నా చేతి డబ్బు వేసి అమ్మాలి. క్రెడిట్ యూనియన్‌లో (సభ్యుల సహకార బ్యాంకు) అప్పు ముందే మంజూరు చేయించుకుని వెళ్లు, డీలరు ఫైనాన్స్ గదిలో అంతకన్నా తక్కువ వడ్డీ ఇస్తేనే వాళ్ల దగ్గర తీసుకో. అదే గదిలో టైర్ల ప్లాన్, సీట్ల గుడ్డల మీద పూత, పొడిగించిన వారంటీ అంటగడతారు. పూతలన్నీ దండగ. వారంటీ మీద మనసుంటే కాంట్రాక్టు ఇంటికి తెచ్చుకుని, ఏవి వర్తించవో ఆ పేజీ చదివి చెప్పు.

అన్నిటికన్నా పట్టుబట్టవలసింది డబ్బు కట్టేముందు చేసే తనిఖీ. డీలరు మనిషి ఇరవై నిమిషాల్లో తిప్పి చూపిస్తానంటాడు. మీకు నాలుగు గంటలు కావాలని ముందే రాయించుకో. నీళ్లు, 30 ఆంప్ కరెంటు, గ్యాస్ మూడూ తగిలించి ఉండాలి. గ్యాస్‌తో కూడా నడిచే ఫ్రిజ్ అయితే చల్లబడటానికి గంటలు పడుతుంది, ముందురోజే ఆన్ చేయమను. ట్యాంకు నింపి పంపు వేసి కుళాయిలన్నీ కట్టెయ్: కాసేపటికోసారి పంపు దానంతటదే కొట్టుకుంటే ఎక్కడో కారుతోందన్నమాట. సింకు కిందా, మంచం కిందా, మూలల్లోనూ చేయి పెట్టి తడి చూడు. నిచ్చెన అడిగి పైకెక్కు, కప్పు మీద సీలెంట్ పగిలిందా, ఎక్కడైనా వదిలేశారా చూడు. స్లైడ్‌ని, అంటే బయటికి జరిగే గది భాగాన్ని, బయటికి, లోపలికి రెండుసార్లు నడిపించు. టైరు మీద చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం: 2324 అంటే 2024లో 23వ వారం.

కొత్త బండిలో కూడా లోపాలు దొరుకుతాయి, అది వింతేమీ కాదు. 'తీసుకెళ్లండి, తర్వాత బాగుచేస్తాం' అన్న మాట దగ్గరే చాలామంది చిక్కుకుంటారు. వేసవిలో సర్వీసుకి వారాల తరబడి వరసలో ఉండాలి, విడిభాగం ట్రైలర్లు తయారయ్యే ఇండియానా నుంచి రావాలంటే ఇంకా ఆలస్యం. బాగుచేశాకే మిగతా డబ్బు. అడ్వాన్సు తిరిగి ఇచ్చేదని రాయించుకుని క్రెడిట్ కార్డు మీదే ఇవ్వు. దూరపు డీలరు వెయ్యి తక్కువకి ఇచ్చినా, వారంటీ పనికి మీ ఊళ్లోవాడు తన దగ్గర కొన్నవాళ్లనే ముందు చూస్తాడని లెక్కలో పెట్టుకో.

ఇంకోటి. మీ అమ్మ ముహూర్తం పెట్టించిందట. ఆ తేదీ డీలరు చెవిన పడనివ్వకు. ఆ రోజుకి బండి కావాలని తెలిస్తే ఏ లోపమూ బాగుచేయడు. ట్రైలర్ సరిగ్గా ఉండి ఇంటికొచ్చాక ఇంకో మంచిరోజు చూసి నిమ్మకాయలు తొక్కించొచ్చు. పిల్లల్ని కూడా బేరం రోజు తీసుకెళ్లకండి, వాళ్లు బంక్ బెడ్ ఎక్కి దిగనని మొండికేస్తే సేల్స్‌మ్యాన్‌కి ఇంక నీతో పనిలేదు.

డీలర్లు పంపిన కొటేషన్లు నాకు పంపు, చూస్తాను.

మీ పెద్దమ్మ