లీడరువయ్యావట, ఇది పూర్తిగా చదువు

అమ్ములూ,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. డ్వాక్రా సంఘంలో నిన్ను మొదటి లీడరుగా పెట్టుకున్నారని, బ్యాంకులో 15 లక్షల లోనుకి కాగితాలు కూడా పెడుతున్నారని చెప్పింది. నాకు ఆగక పక్కింటావిడని లేపి మరీ చెప్పాను. ఆ తర్వాత పడుకుంటే నిద్ర పట్టలేదు. వాయిస్ మెసేజ్ పెడితే సగం విని 'సరే పెద్దమ్మా' అంటావు, నీ సంగతి నాకు తెలీదా, అందుకే కళ్లజోడు పెట్టుకుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ టైపు చేస్తున్నా.

చిన్న విషయాలు ముందు చెప్పేస్తా. మీటింగు తేదీ మార్చొద్దు. మినిట్స్ పుస్తకం అక్కడికక్కడే రాయించు, ఇంటికెళ్లి తీరిగ్గా రాస్తానంటే ఒప్పుకోవద్దు. ఖాళీ విత్‌డ్రాయల్ ఫారం మీద నువ్వు గానీ రెండో లీడరు గానీ సంతకం పెట్టొద్దు, ఎంత నమ్మకమైన మనిషి అడిగినా సరే. మాఫీ అవుతుందని ఎవరైనా అంటే కిస్తీ ఆపొద్దు, 2014లో అలా ఆపిన సంఘాలు వడ్డీ మీద వడ్డీ కట్టుకున్నాయి. లోను రాగానే తలా ఇంత అని సమానంగా పంచేసుకోవద్దు. గేదె కొనేదానికి చాలదు, అవసరం లేనిదేమో తన వాటాని బయట వడ్డీకి తిప్పుతుంది, వారం తిరక్కుండా అదో గొడవ. ఎవరికి ఎందుకు కావాలో ముందే రాసుకోండి. ఇవన్నీ మీ యానిమేటరు, అదే సంఘాల పుస్తకాలు రాసే ఆవిడ, కూడా చెప్తుంది.

ఇక నేను చెప్పాలనుకున్నది వేరే.

మన నెల్లూరు జిల్లాలో 1992లో సారా మీద ఆడవాళ్లు లేచినప్పుడు నాకు మీ అన్నయ్య చంకలో ఉన్నాడు. దూబగుంట ఆడవాళ్ల కబురు విని మా ఊళ్లో కూడా సారా వేలంపాట ఆపాలని, సారా బండి ఊళ్లోకి రానీయకూడదని దారికి అడ్డంగా కూర్చున్నాం. మా చేతిలో కర్ర కూడా లేదు. ఇరవై మందిమి కదలకుండా కూర్చుంటే చాలు, బండి వెనక్కి తిరిగింది. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి చొప్పున పొదుపు లక్ష్మి మొదలుపెట్టాం, ఆ తర్వాత డ్వాక్రా అన్నారు, వెలుగు అన్నారు, పేరు మారినా కూర్చున్న చాప అదే. మీ పెద్దనాన్న మొదట్లో 'రూపాయితో ఏం ఊడబొడుస్తారు' అనేవాడు. ఆయన పురుగుమందుల బాకీ తీర్చింది ఆ రూపాయే.

అందుకే గర్వం ఎక్కింది నాకు. చెప్పుకోవాలి. మండలంలో సంఘాలన్నీ కలిసే సమాఖ్యలో మా సంఘం పేరు చదివినప్పుడల్లా నూటికి నూరు చెల్లింపు అనేవాళ్లు. ఆ మాట వినడానికే వెళ్లేదాన్ని.

2009లో మా సంఘంలో ఒకావిడ వరసగా రెండు కిస్తీలు కట్టలేదు. పేరు రాయను. మొత్తం కలిపి 2,400 రూపాయలు. అప్పటిదాకా ఆమె ఎలా కడుతోందో నాకు తెలుసు, ఒక మైక్రో ఫైనాన్స్ కంపెనీ దగ్గర వారం వారం కట్టే అప్పు తెచ్చి మనకి కడుతోంది, దానికోసం ఇంకో కంపెనీ దగ్గర తీసుకుంది. తెలిసీ అడగలేదు. పుస్తకంలో 'సకాలంలో చెల్లింపు' అని టిక్కు పడుతోంది కదా, నాకెందుకు అనుకున్నా. ఇంతలో పెద్ద లోను సమయం వచ్చింది. ఒక్క బాకీ ఉన్నా లోను రాదని అందరూ నా మీద పడ్డారు. పొద్దుగూకే వేళ తొమ్మిది మందిని వెంటబెట్టుకుని ఆమె ఇంటికెళ్లి అరుగు మీద కూర్చున్నాం. ఎవ్వరం తిట్టలేదు, గొంతు కూడా పెంచలేదు, ఊరికే కూర్చున్నాం. పదేళ్ల పిల్ల ఉంది ఆమెకి, అది అందరికీ చెంబుతో మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, చుట్టాలనుకుంది కాబోలు. చీకటి పడేదాకా చూసి ఆమె లోపలికెళ్లి ఆ పిల్ల వెండి పట్టీలు తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను తీసుకున్నా. మర్నాడు తాకట్టు పెట్టి ఆమె పేరు మీద జమ రాశా. ఆ రాతలో చెయ్యి కూడా వణకలేదు.

లోను వచ్చింది. నెలకల్లా ఆమె ఇంటికి తాళం, కట్టుబడి పనికి మద్రాసు వెళ్లారన్నారు.

నన్ను ఇప్పటికీ తినేసేది ఏంటంటే, అప్పటికి మా సంఘం పొదుపు ఖాతాలో 38 వేలు ఉంది. మా డబ్బే, ఆమె రూపాయలు కూడా అందులో ఉన్నాయి. అందులోంచి ఆమెకి అంతర్గత అప్పు రాసి బ్యాంకుకి కట్టేసి ఉంటే సరిపోయేది, బ్యాంకు చూసేది సంఘం ఖాతాని గానీ ఆమె మొహాన్ని కాదు. ఆ మాట పది మందిలో ఒక్కరికీ తట్టలేదు, లీడరుని, నాకు తట్టలేదు. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆ కంపెనీల మీద ఆర్డినెన్సు తెచ్చింది, బాకీ కోసం ఇళ్ల మీదికి వెళ్లి వేధించకూడదు, కిస్తీలు పంచాయతీ ఆఫీసులాంటి చోటే కట్టించుకోవాలి అని. పేపర్లో అది చదువుతూ మా వాళ్లంతా కంపెనీలని తిడుతుంటే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయా.

నాలుగేళ్ల తర్వాత జాతరకి వాళ్లు ఊరికొచ్చారని తెలిసి ఆ పట్టీలు పట్టుకెళ్లా, ఎప్పుడో విడిపించి ఉంచాలే. పిల్ల కాలికి పట్టలేదు. 'పర్లేదక్కా' అంది ఆమె. తిట్టినా బాగుండేది.

నీ నోరు పదును, అమ్ములూ, కోప్పడకు, నిజమే చెప్తున్నా. చిన్నప్పుడు గోలీలు బాకీ పడ్డ పిల్లాడి ఇంటికెళ్లి వాళ్ల నాయనమ్మని నిలదీశావు. దానికి నవ్వి నేనే నీకు జీళ్లు కొనిచ్చా, తప్పు నాది కూడా. ఎవరైనా కిస్తీ తప్పితే గుంపుగా వెళ్లొద్దు. పగలు, ఒక్కదానివే వెళ్లు, వంట పనిలో చెయ్యి వెయ్యి, డబ్బు మాట నువ్వు ఎత్తకు, ఆమే ఎత్తుతుంది. బయట ఇంకెక్కడ అప్పులున్నాయో మాటల్లోనే తెలుస్తుంది. తర్వాత మీటింగులో సంఘం నిధిలోంచి ఎంత సర్దొచ్చో తీర్మానం రాయించు, గడువు కూడా రాయించు, ఊరికే వదిలేయమని కాదు. సమాఖ్యలో మీ పేరు చదివేటప్పుడు నూరు కాకుండా తొంభై అంటే చచ్చిపోరు. లోను నెల ఆలస్యమైనా గేదెలు ఎక్కడికీ పోవు.

అల్లుడుగారిని మీటింగులో కూర్చోనివ్వకు, మంచివాడే, కానీ లెక్కలు తనకే వచ్చనుకుంటాడు.

మొదటి మీటింగు ఏ రోజో చెప్పు. పొద్దున బస్సుకి వస్తా. వెనక చాప మీద కూర్చుంటా, నోరెత్తను. మీ అమ్మ నమ్మదు గానీ నిజంగానే ఎత్తను. నీకు నిమ్మకాయ ఊరగాయ జాడీ తెస్తున్నా, పోయినసారి ఇచ్చిన డబ్బా ఖాళీ చేసి పెట్టు.

మీ పెద్దమ్మ