ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 190 వచ్చింది, ఎకోలో (గుండె స్కాన్‌లో) గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ అని రాశారు. ఇది హార్ట్ ఫెయిల్యూరేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదండీ. అమ్మగారికి 63 ఏళ్ళు. బీపీ, షుగర్ ఉన్నాయి, ఒళ్ళు కాస్త భారీ. మెట్లెక్కితే ఆయాసం. చిత్తూరులో ఎకో తీస్తే ఈఎఫ్ (గుండె పంపింగ్ లెక్క) 60 శాతం, గ్రేడ్ 1 డయాస్టాలిక్ డిస్‌ఫంక్షన్ (గుండె సడలి నిండడంలో కాస్త లోపం) అని వచ్చింది. రక్త పరీక్షలో ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 190, ల్యాబు కాగితంలో 125 లోపు నార్మల్ అని ఉంది. ఒక డాక్టరు వయసు ప్రభావమే అన్నారు, ఇంకొకరు తిరుపతికో వేలూరుకో తీసుకెళ్ళమన్నారు. రక్తం చూసి తేల్చేయొచ్చు కదా, ఇన్ని చోట్ల తిరగడమెందుకు అని మీరు అడుగుతున్నారు.

తేలదండీ. ముఖ్యంగా అమ్మగారిలాంటి మనిషికి ఆ ఒక్క అంకెతో తేలదు. నేను డాక్టర్‌ని కాను. తిరుపతిలో మా అమ్మ విషయంలో ఇదంతా దగ్గరుండి చూశాను. అప్పుడు డాక్టర్లు చెప్పినవీ, వాటిని పట్టుకుని నేను చదివి తెలుసుకున్నవీ రాస్తున్నాను.

హార్ట్ ఫెయిల్యూర్ అంటే గుండె ఆగిపోవడం కాదు, చేయాల్సిన పని సరిగ్గా చేయలేకపోవడం. ముందు ఆ అంకె ఎక్కణ్ణుంచి వస్తుందో చూడండి. గుండె కింది గదుల్లో ఒత్తిడి పెరిగి గోడ సాగినప్పుడు, ఆ కండరమే ఒక హార్మోన్‌ను రక్తంలోకి వదులుతుంది. ఒంట్లో ఎక్కువైన ఉప్పునూ నీటినీ మూత్రంలో పంపించి, రక్తనాళాలను వదులు చేసి, గుండె మీద భారం తగ్గించడం దాని పని. 1988లో జపాన్ శాస్త్రవేత్తలు దీన్ని మొదట పంది మెదడులో కనిపెట్టారు కాబట్టి బ్రెయిన్ నేట్రియురెటిక్ పెప్టైడ్, అంటే బీఎన్‌పీ అని పేరు పడింది. మనిషిలో దాన్ని ఎక్కువగా తయారుచేసేది మాత్రం గుండే. మొదట 108 అమైనో ఆమ్లాల గొలుసుగా తయారై, తర్వాత రెండు ముక్కలవుతుంది. 32 ఉన్న ముక్క బీఎన్‌పీ, పని చేసేది అదే. మిగిలిన 76 ముక్క ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ. దానికి పనేమీ లేదు గానీ రక్తంలో ఎక్కువసేపు నిలుస్తుంది, తీసిన నమూనా కూడా త్వరగా పాడవదు. మన ఊళ్ళలో కలెక్షన్ సెంటర్ వాళ్ళు రక్తం తీసి వేరే ఊరి ల్యాబుకు పంపుతుంటారు కదా, అలాంటి చోట ఇది నయం. ఒకసారి బీఎన్‌పీ, ఇంకోసారి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ చేయించి రెండు అంకెల్నీ పోల్చకండి. అవి వేరు వేరు కొలతలు.

ఈ పరీక్ష బలమంతా 'కాదు' అని చెప్పడంలో ఉంది. మెల్లగా మొదలైన ఆయాసంతో ఓపీకి వచ్చిన మనిషికి ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ 125 లోపు గానీ, బీఎన్‌పీ 35 లోపు గానీ ఉంటే హార్ట్ ఫెయిల్యూర్ అయ్యే అవకాశం తక్కువని యూరప్ మార్గదర్శకాలు చెబుతాయి. ఉన్నట్టుండి ఊపిరాడక ఎమర్జెన్సీకి వచ్చినవాళ్ళకు ఆ హద్దులు 300, 100. 'అవును' అనడానికి మాత్రం అంకె చాలా పైకి పోవాలి, వయసును బట్టి మారాలి కూడా. ఎమర్జెన్సీలో 50 ఏళ్ళ లోపు వాళ్ళకు 450, 50 నుంచి 75 వరకు 900, ఆ పైన 1800 దాటితే గట్టిగా అనుమానిస్తారు. అంటే మీ 190 నార్మల్ గీత దాటింది గానీ, దాన్ని పట్టుకుని 'ఇదిగో జబ్బు' అని ఎవరూ అనలేరు. వయసుతోనే ఇది కొంత పెరుగుతుంది. కిడ్నీ బలహీనపడినా, రక్తం తక్కువైనా, ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే గుండె లయ తప్పే సమస్య ఉన్నా పెరుగుతుంది. అమ్మగారికి షుగర్ ఉంది కాబట్టి క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష), హిమోగ్లోబిన్, ఈసీజీ పక్కన పెట్టుకోకుండా ఈ కాగితం చదవడంలో అర్థం లేదు.

ఇక అసలు చిక్కు. ఈఎఫ్ బాగుండి, గుండె బిగుసుకుపోయినవాళ్ళలో ఆ 'కాదు' కూడా అంత గట్టిది కాదు.

ఈఎఫ్ అంటే గుండె ఒక్కో కొట్టుకు నిండిన రక్తంలో ఎంత భాగం బయటికి నెడుతోందన్న లెక్క. డయాస్టోల్ అంటే గుండె సడలి మళ్ళీ నిండే సమయం. ఏళ్ళ తరబడి బీపీ, షుగర్, బరువు ఉంటే గోడ మందమై, పాత సైకిల్ ట్యూబులా సాగే గుణం పోతుంది. నెట్టడం బాగానే నెడుతుంది, నిండడానికే కష్టపడుతుంది. కూర్చుని ఉంటే ఏమీ తెలియదు. మెట్లెక్కితే వెనక ఒత్తిడి పెరిగి ఊపిరితిత్తుల మీద పడుతుంది. గోడ మందంగా, గది చిన్నగా ఉండడం వల్ల గోడ సాగేది తక్కువ, కాబట్టి వదిలే హార్మోన్ కూడా తక్కువే. దానికి తోడు లావుగా ఉన్నవాళ్ళలో ఈ అంకె మామూలుగానే కిందికి ఉంటుంది. అంటే ఈ జబ్బు ఎవరికి ఎక్కువ వస్తుందో, సరిగ్గా వాళ్ళలోనే పరీక్ష తక్కువ చూపిస్తుంది. చిత్రం కదా!

మా అమ్మకు 118 వచ్చింది. కాగితంలో నార్మల్ అనే ఉంది, ఇంట్లో అందరం ఊపిరి పీల్చుకున్నాం. కానీ మేడ మీద వడియాలు పెట్టడానికి ఎక్కేటప్పుడు మలుపు దగ్గర ఆగి, కొంగు సర్దుకుంటున్నట్టు నిలబడేది. సర్దడానికేమీ లేదక్కడ, ఊపిరి కోసం ఆగడమే. సాయంత్రానికి చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద లోతుగా పడేది. అంతకు ముందు చూసిన చోట ఈఎఫ్ 65 చూసి, 'గుండె పంపింగ్ బ్రహ్మాండం, బరువు తగ్గమ్మా' అని గ్యాస్ మాత్రలు రాసి పంపారు.

తర్వాత చూపించిన కార్డియాలజిస్టు ముందు రిపోర్టులు ముట్టుకోలేదు. బొటనవేలితో మోకాలి కింద ఎముక మీద గట్టిగా నొక్కి, వదిలి, పడిన గుంట ఎంతసేపటికి పూడుతుందో చూశారు. రాత్రి ఎన్ని దిండ్లు, పడుకున్నాక దగ్గొస్తుందా, గురక ఉందా అని అడిగారు. అప్పుడు ఎకో మళ్ళీ తీయించి, పై గది సైజు, ఈ బై ఈ ప్రైమ్ అనే నిష్పత్తి, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి విడివిడిగా రాయించారు. ఎడమ పై గది పెరిగి ఉంది, నిష్పత్తి 15. నిష్పత్తి 14 దాటడం, ఎడమ పై గది పరిమాణం చదరపు మీటరుకు 34 మిల్లీలీటర్లు దాటడం, రెండూ లోపల ఒత్తిడి ఎక్కువైందనడానికి గుర్తులు. మీ ఎకో కాగితంలో ఇవి ఉన్నాయేమో చూడండి. చాలా చోట్ల ఒక్క లైను రాసి వదిలేస్తారు, అది నాకు నచ్చని అలవాటు.

గ్రేడ్ 1 గురించి మాత్రం టెన్షన్ పడకండి. అరవై దాటినవాళ్ళలో అది చాలామందికి కనిపిస్తుంది, అది ఒక్కటే హార్ట్ ఫెయిల్యూర్ కాదు. ఆయాసమో వాపో ఉండి, లోపల ఒత్తిడి పెరిగిందన్న రుజువు కూడా ఉంటేనే ఆ మాట అంటారు. కూర్చున్నప్పుడు అంతా బాగుండి అనుమానం తీరకపోతే, సైకిల్ తొక్కిస్తూ ఎకో తీసే పద్ధతి ఉంది. మరీ అవసరమైతే గుండెలోకి సన్నని ట్యూబు పంపి ఒత్తిడిని నేరుగా కొలుస్తారు.

డాక్టర్లు దీనికి రెండు రకాల మార్కులు వేస్తారు. 2018లో అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు తెచ్చిన లెక్కలో ఈ రక్త పరీక్షే లేదు! బరువుకు 2, ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌కు 3, అరవై దాటిన వయసు, రెండు లేదా ఎక్కువ బీపీ మందులు, ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి, ఎకో నిష్పత్తి 9 దాటడం, వీటికి ఒక్కొక్కటి. ఎంత ఎక్కువొస్తే అంత అనుమానం. బరువుకు 2 పడాలంటే బీఎంఐ 30 దాటాలి, అమ్మగారిది లెక్కవేయండి. 2019లో వచ్చిన యూరప్ లెక్కలో రక్త పరీక్ష ఉంది. లయ సరిగ్గా ఉన్నవాళ్ళకు 125 నుంచి 220 వరకు చిన్న గుర్తు, 220 దాటితే పెద్ద గుర్తు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉంటే ఆ హద్దులు 365, 660. మీ 190 చిన్న గుర్తు కిందికి వస్తుంది. ఒక మార్కు పడుతుంది, నిర్ణయం కాదు. అందుకే ఇద్దరు డాక్టర్లు రెండు మాటలన్నారు. వాళ్ళలో ఒకరు తప్పనుకోనక్కర్లేదు, కానీ నేనైతే రెండో ఆయన మాటే వింటాను, ఆయాసం ఉంది కాబట్టి.

గాలెక్టిన్-3, ఎస్‌టీ2 లాంటి రక్త పరీక్షలు కూడా చేయించాలా అని మీరు అడిగారు. వద్దు. అవి జబ్బు ముదిరే అవకాశం అంచనా వేయడానికే గానీ, ఉందో లేదో తేల్చడానికి కాదు. ట్రోపోనిన్ ప్రధానంగా గుండెపోటు అనుమానం వచ్చినప్పుడు చూసేది. ఒక ల్యాబు వాళ్ళు మాకు 'హార్ట్ ప్యాకేజీ' అని ఇవన్నీ కలిపి అంటగట్టబోయారు. ఆ డబ్బులతో మంచి ఎకో ఇంకోసారి తీయించుకోవచ్చు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు ఎక్కువ డోసులో వేసుకుంటుంటే మాత్రం రక్తం తీసే ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో రిపోర్టు తారుమారవుతుంది.

అమ్మగారికి అలిపిరి నడకదారి మొక్కు ఉందని కూడా రాశారు. దాదాపు 3550 మెట్లు, మోకాళ్ళ పర్వతం దగ్గర మామూలు మనుషులకే ఎగశ్వాస వస్తుంది. గుండె జబ్బు, ఆస్తమా ఉన్నవాళ్ళు కాలినడకన రావద్దని టీటీడీనే చెబుతోంది. తేలేదాకా బస్సులో పంపండి, స్వామి ఏమీ అనుకోడు.

చికిత్స విషయంలో ఇప్పుడు కాలం మారింది. ఈఎఫ్ బాగున్న హార్ట్ ఫెయిల్యూర్‌లో చాలాకాలం ఏ మందూ గట్టిగా నిలబడలేదు. ఎంపాగ్లిఫ్లోజిన్ 2021లో, డాపాగ్లిఫ్లోజిన్ 2022లో పెద్ద పరిశోధనల్లో ఆసుపత్రి పాలవడాన్ని తగ్గించాయి. ఇవి మొదట షుగర్ మందులుగా వచ్చినవే. రెండింటికీ మన దేశంలో ఇప్పుడు జనరిక్ దొరుకుతుంది. మా అమ్మకు డాపాగ్లిఫ్లోజిన్ 10, నీరు తగ్గడానికి చిన్న మాత్ర ఒకటి ఇచ్చారు. ఉప్పు తగ్గించమంటే సంగటిలోకి ఊరిబిండి మానేయాలా అని గొడవ పెట్టుకుంది. మానలేదు, ఊరిబిండిలో ఉప్పు సగం చేశాం. మామిడికాయ ఊరగాయ మాత్రం డాక్టరుగారు ఒప్పుకోలేదు. ఇప్పుడు మలుపు దగ్గర ఆగకుండా మేడెక్కుతోంది, దిగేటప్పుడు మోకాళ్ళ మీద తిట్లు మామూలే.

ఆ మందు మొదలుపెడితే ఒక జాగ్రత్త. పెరటాసి శనివారాలు నిష్ఠగా ఉపవాసముండే ఇళ్ళు మనవి. తిండీ నీళ్ళూ మానేసి ఈ మాత్ర వేసుకుంటే ఒంట్లో నీరు తగ్గిపోవచ్చు, అరుదుగా రక్తంలో కీటోన్లు అనే ఆమ్లాలు పెరిగి ప్రాణం మీదికి రావచ్చు. వాంతులూ విరేచనాలప్పుడు, ఆపరేషన్‌కు ముందు కూడా మాత్ర ఆపాలా అని డాక్టరును అడిగి పెట్టుకోండి. ఈలోగా అమ్మగారు పడుకోలేక లేచి కూర్చుంటున్నా, ఆయాసంతో పాటు నురగ కఫం పడినా, ఛాతీ నొప్పి వచ్చినా, రిపోర్టులు వెతుక్కోకుండా 108కి ఫోన్ చేసి దగ్గర్లోని ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి.