నవ్వు ఎక్కడ పుడుతోందో చూడండి

ప్రశ్న: మా అమ్మాయికి పదేళ్లు. కడుపుబ్బ నవ్వించే సాహస నవలలే కావాలంటుంది. అట్ట మీది మాటలు నమ్మి కొన్నవాటిలో రెండింటిని ఇరవై పేజీలైనా దాటకుండానే పక్కన పడేసింది. మంచివాటిని ముందే గుర్తుపట్టడం ఎలా? వీటివల్ల భాష వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: అట్టనే కాదు, మొదటి పేజీని కూడా అంతగా నమ్మకండి; రచయితలు తమ శ్రద్ధంతా అక్కడే గుమ్మరిస్తారు. పుస్తకం మధ్యకు తెరిచి, పిల్లలు చిక్కులో పడ్డ ఘట్టమొకటి వెతికి, రెండు మూడు పేజీలు చదవండి. దొంగ గదిలోకి వచ్చాడు, పిల్లలిద్దరూ బీరువా వెనక నక్కారు అనుకుందాం. సరిగ్గా అప్పుడే ఒకడికి ఎక్కిళ్లు మొదలై, రెండోవాడు వాడి ముక్కు మూసి, అదీ చాలక నోట్లో తన టోపీ కుక్కితే, మనకు నవ్వూ ఆగదు, పట్టుబడతారేమోనన్న బెంగా పెరుగుతుంది. అలా కాక దొంగ బొర్ర మీద ఒక జోకు, వాడి పేరు మీద మరొకటి విసిరి ముందుకు సాగిపోతే, వాటిని కొట్టేసినా కథకు లోటేమీ ఉండదు. ఈ తేడాను పిల్లలు విడమరచి చెప్పలేరు గానీ, పుస్తకం మాత్రం మూసేస్తారు.

మార్క్ ట్వేన్ 1876లో వెలువరించిన ‘టామ్ సాయర్’నే తీసుకోండి. శిక్షగా చెక్క కంచెకు సున్నం వేయవలసిన కుర్రాడు, అదేదో అందరికీ దక్కని భాగ్యమన్నట్టు నటించి, స్నేహితుల దగ్గర లంచాలు పుచ్చుకుని మరీ వారిచేత వేయిస్తాడు. ఆ లంచాల్లో ఒక చచ్చిన ఎలుక, దాన్ని కట్టి తిప్పుకోవడానికి ఒక దారం కూడా ఉన్నాయి. అదే కుర్రాడు తన బడి స్నేహితురాలు బెకీతో గుహలో దారి తప్పి, ఆఖరి కొవ్వొత్తి ఆరిపోయినప్పుడు రచయిత నవ్వించే ప్రయత్నం మానేస్తాడు. చివరికి జేబులోని గాలిపటం దారం ఆధారంగా టామ్ దారి వెతుకుతాడు. నవ్వించిన గడుసుదనమే ప్రాణాలు కాపాడటం నాకు ఈ రకం నవలల్లో అన్నిటికన్నా ఇష్టం.

ఇక భాష సంగతి. వెటకారం, శ్లేష, పైకి ఒకటి చెప్పి లోపల మరొకటి ఉద్దేశించడం వంటివి పట్టుబడితేనే నవ్వు వస్తుంది కనుక, పిల్లలు అర్థంకాని వాక్యాన్ని ఎవరూ అడగకుండానే మళ్లీ చదువుతారు. ఏ పాఠమూ ఆ పని అంత సులువుగా చేయించలేదు. నాయకుడి వయసు పాఠకురాలి కన్నా ఒకటి రెండేళ్లు ఎక్కువగా ఉంటే మరీ మంచిది; ఆ ఈడు పిల్లలు తమకంటే కాస్త పెద్దవారి సాహసాలనే ఇష్టపడతారు. వదిలేసిన రెండింటినీ పూర్తిచేయమని మాత్రం పట్టుబట్టకండి.