కొండపల్లి కొండ మీద మీరు చూసింది అడవినాభి

ఖిల్లాకి వెళ్లే దారిలో కంప మీదికి పాకిన తీగకి మంటలాంటి ఎరుపూ పసుపూ పువ్వు చూశామన్నారు, అది అడవి లిల్లీయేనా, తెలుగులో ఏమంటారు అని అడిగారు. మీరు చెప్పిన గుర్తులన్నీ అడవినాభివేనండి.

ఖాయం చేసుకోవాలంటే పువ్వుకంటే ముందు ఆకు చూడండి. ఆకు కొస సన్నగా సాగి, నులితీగలా చుట్ట తిరిగి పక్కనున్న కొమ్మని పట్టుకుంటుంది. మనం కుండీల్లో పెంచే లిల్లీలకి ఇలా ఉండదు. పువ్వు తల కిందికి వాలుతుంది, ఆరు రేకులూ అంచులు అలలు తిరిగి పైకి లేస్తాయి. విచ్చినప్పుడు పసుపు ఎక్కువ, రోజులు గడిచేకొద్దీ అంతా ఎర్రబడుతుంది. అందుకే ఒకే తీగకి రెండు రకాల పూలు పూశాయా అనిపిస్తుంది.

శాస్త్రీయ నామం గ్లోరియోసా సూపర్బా. ఇంగ్లీషులో ఫ్లేమ్ లిల్లీ అంటారు గానీ ఇది అసలు లిల్లీల కుటుంబంలోది కాదు. మనకి అగ్నిశిఖ అనే పేరూ ఉంది. కలప్పగడ్డ, పొత్తిదుంప అనేవి దుంపని బట్టి వచ్చిన పేర్లు. సంస్కృతంలో లాంగలి, నాగలికి సంస్కృతంలో ఉన్న లాంగలం అనే మాట నుంచి వచ్చింది. దుంప చూస్తే ఆ పేరు ఎందుకో తెలిసిపోతుంది, అచ్చం నాగలిలా వంగి ఉంటుంది. తమిళనాడు రాష్ట్ర పుష్పం ఇదే, అక్కడ సెంగాందళ్ అంటారు.

మా అమ్మమ్మగారి ఊరు గుంటూరు దగ్గర, కొండవీడు కొండల కింద. చిన్నప్పుడు ఓ వానాకాలం చేను గట్టున ఈ దుంప తవ్వి, చిలగడదుంపే అనుకుని కాల్చుకు తిందామని ఇంటికి తెచ్చాను. అమ్మమ్మ చేతిలోంచి లాక్కుని దూరంగా విసిరేసింది. "నాభిరా అది! కడుపులోకి పోతే మనిషి దక్కడు" అంటూ బూడిద పెట్టి నా చేతులు రెండుసార్లు తోమింది. ఆవిడ చేతులు వణకడం నాకింకా గుర్తే.

ఆవిడ భయం నిజమేనండి. మొక్క అంతటా కాల్చిసిన్ అనే విషం ఉంటుంది, దుంపలో మరీ ఎక్కువ. ఉడకబెట్టినా పోదు. గౌట్ అనే కీళ్ల జబ్బుకి డాక్టర్లు ఇచ్చే ఒక మందు కూడా ఈ కాల్చిసినే, కానీ అది కొలిచి ఇచ్చేది. పొరపాటున ఎవరైనా తింటే వాంతులయ్యేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇంకో మాట. మూలికల కొట్లో వసనాభి అని అమ్మేది ఇది కాదు, అది హిమాలయాల వైపు పెరిగే వేరే మొక్క. అదీ విషమే.

మళ్లీ అటు వెళ్తే ఆకు కొస కనిపించేలా దగ్గరనుంచి ఓ ఫొటో తీసి పెట్టండి. దుంప మాత్రం తవ్వకండి.